పద్నాలుగో వస్తువు

పొద్దున నాలుగూ ముప్పావుకి ఆ వంటింట్లో దీపం వెలిగేది ఎవరికో ఆకలేసి కాదు. ఆకలి వేయకముందే ఏడు నెలల పసిదానికి నాలుగు ముద్దలు పెట్టేసి పరుగెత్తాలని. కోడలు ఒక చేత్తో బిడ్డను నడుం మీద ఇరికించుకుని, రెండో చేత్తో ఉడికిన బంగాళాదుంప మెదుపుతూ, కాలితో బల్ల కింద చెప్పులు వెతుక్కుంటోంది. ఆరింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి. అయిదుంపావు బస్సు తప్పితే మళ్ళీ ఆరున్నరకే.

"నోరు తెరు బుడ్డీ. అమ్మకి టైమవుతోంది. ఆ... అను."

బుడ్డిది అనలేదు. సగం నిద్రలో ఉన్న పిల్ల ఎందుకంటుంది? పెదాలకి చెంచా తగలగానే మొహం అటు తిప్పేసుకుంది. ఆ చెంచా చిన్నది, స్టీలుది. పిడి చివర ఓ పక్కకి వంగి ఉంటుంది. బుడ్డిదాని తండ్రి పాకే రోజుల్లో దాన్ని గచ్చుకేసి బాదితే వచ్చిన వంపు అది. ముప్పై ఏళ్ళుగా దాన్ని ఎవరూ సరిచెయ్యలేదు, ఎవరూ పారెయ్యలేదు.

సరిగ్గా అయిదింటికి అత్తగారు వంటింట్లోకి వచ్చింది. ఆస్పత్రిలో ఆవిణ్ణి వెనకాల అందరూ "గంటమ్మ" అంటారు. గోడ గడియారం ఆగిపోతే ఆవిడ నడకని చూసి టైము దిద్దుకోవచ్చని అక్కడివాళ్ళ వేళాకోళం. ఆపరేషన్ సామాన్లు కడిగి, లెక్కపెట్టి, గుడ్డలో చుట్టి, ఆవిరి యంత్రంలోకి పంపే విభాగానికి ఆవిడ పెద్ద. ఆ విభాగాన్ని అందరూ ఆవిరిగది అంటారు. కోడలు పని చేసేది కూడా అక్కడే, సామాన్లు చుట్టే బల్ల దగ్గర. ఇంట్లో అత్తయ్యా అని పిలిచిన నోటితో ఆస్పత్రి గేటు దాటగానే మేడమ్ అనాలి. పెళ్ళయిన కొత్తలో అదంతా ఇద్దరికీ నవ్వులాటగానే ఉండేది.

"అత్తయ్యా, నా దరఖాస్తు మీ దగ్గరికి వచ్చిందా?" అనడిగింది కోడలు.

"ఆఫీసు సంగతులు ఆఫీసులో."

"ఆఫీసులో అడిగితే ఇంటి సంగతులు ఇంట్లో అంటారు."

అత్తగారు నవ్వలేదు. బుడ్డిదాన్ని చంకనేసుకుని, "పో, బస్సు వెళ్ళిపోతుంది" అంది.

ఆ ఇంటి లెక్క చెప్పాలి, లేకపోతే గొడవ అర్థం కాదు. కోడలి డ్యూటీ ఆరు నుంచి రెండు, అత్తగారిది ఎనిమిది నుంచి నాలుగు. ఏడుంపావుకి ఆవిడ గడప దాటాలి. పగలంతా పిల్లని చూసే ఎదురింటి మిషనక్క, అంటే బట్టలు కుట్టే ఆవిడ, తన పిల్లల్ని బడికి పంపి తలుపు తెరిచేసరికి ఎనిమిది. మధ్యలో ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా బుడ్డిదాన్ని ఎత్తుకుని తిరిగేది కొడుకు. అతనేమో లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు, ఏడున్నరకి వాళ్ళ గోడౌను దగ్గర సంతకం పెట్టాలి. మూడు నెలలుగా ఎనిమిదిన్నరకి పెడుతున్నాడు. ఈ కథలో ఎవరి కన్నీళ్ళకైనా మూలం ఆ ముప్పావుగంటే.

ఆస్పత్రివాళ్ళు ఈమధ్యే ఓ సర్క్యులర్ తెచ్చారు. ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లులు పనివేళలు మార్చమని అడగొచ్చు, విభాగం పెద్ద అభిప్రాయం రాసి పంపాలి, అంతే. కోడలు తొమ్మిది నుంచి అయిదు అడిగింది. బిడ్డకి ఏడాది నిండేదాకా చాలంది. అడిగి పది రోజులైంది.

ఆ శనివారం డ్యూటీ దిగాక కోడలు ఆఫీసు గదికి వెళ్ళింది. గుమస్తా కాగితాల కట్ట తిరగేసి, కళ్ళజోడు పైనుంచి ఆమెని చూశాడు.

"సమాధానం మీ ఇంట్లోనే ఉందిగా తల్లీ? ఇంత దూరం వచ్చావు?"

కాగితం ఆమె వైపు తిప్పాడు. అభిప్రాయం అన్న గళ్ళో ఆకుపచ్చ సిరాతో మూడే మాటలు. "ఈ విభాగంలో సాధ్యపడదు." కింద సంతకం. తేదీ చూస్తే ఎనిమిది రోజుల కిందటిది. అంటే ఎనిమిది రోజులుగా తను ఆ మనిషి పక్కనే కూర్చుని తింటోంది, ఆ మనిషి చేతికే బిడ్డనిచ్చి బస్సెక్కుతోంది. కోడలి రొమ్ములు రాయిలా బరువెక్కి ఉన్నాయి. రోజూ పదింటికి గుడ్డల గదిలో అరల వెనక నిలబడి, కప్పులోకి పాలు పిండి, తొట్టిలో పారబోసేది. ఆవేళ ఆ పది నిమిషాలు కూడా దొరకలేదు.

సాయంత్రం అత్తగారు ఇంటికి వచ్చి భోజనాల బల్ల మీద వచ్చే వారం డ్యూటీల చార్టు వేస్తోంది. ప్రతి శనివారం అదే బల్ల, అదే స్కేలు, అదే ఆకుపచ్చ పెన్ను. పక్కన టీ గ్లాసు. ఆ పని చేసేటప్పుడు ఇంట్లో ఎవరూ రేడియో కూడా పెట్టరు.

"ఆ కాగితం మీద రాసింది మీరేనా అత్తయ్యా?"

పెన్ను ఆగింది. "నేనే."

"ఎనిమిది రోజులైంది. నాతో ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే ఏడుస్తావు. ఏడిస్తే పాలు తగ్గుతాయి."

"ఇప్పుడు ఏడవట్లేదా నేను?" కోడలి గొంతు లేచింది. "అత్తయ్యా, నేనేం ఆకాశాన్ని దించమన్నానా? మూడు గంటలు వెనక్కి జరపమన్నాను. అయిదు నెలలు. మీరు ఊ అంటే అయిపోయేది."

"ఊ అంటే ఏమయ్యేదో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట మన ఆవిరిగదిలోనే పనిచేసే సన్నక్క ఇదే అడిగింది. ఇదే బల్ల దగ్గరికి వచ్చి అడిగింది, పిల్లాణ్ణి ఎత్తుకుని. కుదరదన్నాను. ఉద్యోగం మానేసి పోయింది. ఇప్పుడు నా కోడలికి కుదిరిందంటే ఆ ఆవిరిగదిలో నేను ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

"సన్నక్కకీ కుదర్చాల్సింది."

"అందరికీ కుదిరిస్తే ఆరింటికి ఎవరు నిలబడతారమ్మా? ఎనిమిదింటికి మొదటి ఆపరేషను. కత్తెరలు వాటంతటవే స్నానం చేసి, గుడ్డలు కట్టుకుని పైకి నడిచి వెళతాయా?" మామూలు రోజైతే ఆ మాటకి ఇల్లంతా నవ్వేది. "నలభయ్యో రోజున నేను ఆరింటి డ్యూటీకి నిలబడ్డాను. పచ్చి ఒళ్ళు. ఎవరిని అడిగాను? ఎవరు మార్చారు? నా కొడుకు పెరగలేదా?"

ఆ కొడుకు అప్పుడే వచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతున్నాడు. జేబులో కంపెనీవాళ్ళు ఇచ్చిన మెమో ఉంది. ఇంకోసారి ఆలస్యమైతే రానక్కర్లేదని. మామూలుగా ఈ ఇద్దరి మధ్యా మాట పెరిగితే అతను బాత్‌రూములోకి పోయి కుళాయి తిప్పుకునే రకం. ఆవేళ పోలేదు.

"పెరిగానమ్మా" అన్నాడు, రెండో బూటు చేతిలో పట్టుకునే. "సోడాకొట్టు అత్త దగ్గర పెరిగాను. కొట్టు వెనక గదిలో, సీసాల పెట్టెల మధ్య. ఆవిడ చీర వాసన గుర్తుంది, ఆవిడ గొంతు గుర్తుంది. నాకు అయిదేళ్ళు వచ్చేదాకా నువ్వు గుర్తు లేవమ్మా. నిన్ను అనట్లేదు. నిజంగా గుర్తు లేవు."

అత్తగారు కొడుకు వైపు చూడలేదు. పెన్నుకి మూత పెట్టింది. స్కేలు కాగితం మీద సమంగా సర్దింది. "అన్నం చల్లారిపోతుంది, తినండి" అని లేచి లోపలికి వెళ్ళింది. ఆ పూట ఆవిడ తినలేదు. చార్టు పూర్తి చేసింది మాత్రం ఆదివారం పొద్దున్న, ఎవరూ లేవకముందు. కోడలి పేరు ఆరింటి గళ్ళోనే ఉంది.

ఆదివారం ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మనిషి గొంతు వినపడలేదు. దానికి తోడు బుడ్డిదానికి పళ్ళు వస్తున్నాయి. చిగుళ్ళు వాచి, ఒళ్ళు వెచ్చబడి, ఎవరి చేతిలోనూ అయిదు నిమిషాలు నిలవలేదు. సోమవారం తెల్లారేసరికి కోడలి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెట్టిన ముద్దని పెట్టినట్టే పిల్ల ఆమె భుజం మీద కక్కేసింది. ఏడుస్తున్న పిల్లని మొగుడికిచ్చి, పై బట్ట మార్చుకుని, ఆఫీసు కోటు తగిలించుకుని, చేతిలో ఉన్నదేదో జేబులో పడేసుకుని ఆమె బస్సుకి పరుగెత్తింది.

ఆవిరిగదిలో అప్పటికే పళ్ళేలు వరసగా ఉన్నాయి. తెల్లవారుజామున ఎవరికో అత్యవసరంగా కాన్పు ఆపరేషన్ జరిగింది. ఆ సామాన్లు కడిగి ఆరబెట్టి బల్ల మీద పెట్టారు. ప్రతి పళ్ళేనికీ ఒక చీటీ ఉంటుంది. కత్తెరలు ఇన్ని, పట్టకార్లు ఇన్ని, గరిటెలు ఇన్ని అని. చీటీ చూసి పేరుపేరునా వెతికి, టిక్కు పెట్టి, చుట్టాలి. అది పద్ధతి. నిద్రలేని మనిషి పద్ధతిలో ఉండే పేర్లన్నీ మింగేసి అంకె ఒక్కటే చదువుతుంది. చీటీ మీద పద్నాలుగు అని ఉంది. కోడలు జేబులోంచి రుమాలు లాగి, మంటగా ఉన్న కళ్ళు తుడుచుకుని, లెక్కపెట్టింది. పద్నాలుగు. మళ్ళీ పెట్టింది. పద్నాలుగే. రెండు పొరల గుడ్డలో చుట్టి, ఆవిరి తగిలితే రంగు మారే పట్టీ అంటించి, పొడి అక్షరాలు వేసి, టైము రాసింది. ఆరూ నలభై.

పదిన్నరకి పై అంతస్తు నుంచి ఫోను. థియేటర్ సిస్టర్.

"మేడమ్, మీరొకసారి పైకి రండి. మీరే రండి."

అత్తగారు వెళ్ళేసరికి థియేటర్ బయట వసారాలో సిస్టరు ఒక పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. లోపల మనిషి బల్ల మీద ఉన్నాడు, ఇంకా కత్తి పడలేదు, ఇంకో సెట్టు కోసం పరుగులు పెడుతున్నారు. "విప్పాం. పట్టీ సరిగ్గానే రంగు మారింది. లెక్కపెట్టాం, పద్నాలుగు. మా డాక్టరుగారు పట్టకారు అందుకోబోయి ఇది అందుకున్నారు" అంది సిస్టరు. పళ్ళెంలో ఒక చిన్న స్టీలు చెంచా ఉంది. ఆవిరికి కాగి, తళతళలాడుతూ, పిడి చివర ఓ పక్కకి వంగి.

సిస్టరు ముందు నవ్వింది. "ఎవరిదో కాఫీ చెంచా అనుకుంటా మేడమ్." తర్వాత ఆవిడ నవ్వు కూడా ఆగిపోయింది. "చెంచాతో కలిపి పద్నాలుగు. అంటే అసలువి పదమూడే. వంకర పట్టకారు ఒకటి లేదు."

వంకర పట్టకారు అంటే రక్తం కారకుండా లోపల నరాన్ని పట్టి ఉంచేది. ఈ సెట్టు చివరిసారి వాడింది తెల్లవారుజామున, ఆ కాన్పు ఆపరేషన్‌కి. కుట్లు వేసేముందు లెక్క చూశావా అని రాత్రి డ్యూటీ సిస్టరుకి ఇంటికి ఫోను చేస్తే, "చూశాను... పద్నాలుగే అనుకుంటా" అంది. ఆ అనుకుంటా అన్న మాట విన్నాక ఆ వసారాలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. పొద్దున ఆరూ నలభైకి ఆవిరిగదిలో పదమూడు అని తేలి ఉంటే అప్పుడే వెతుకులాట మొదలయ్యేది. ఒక చెంచా వల్ల నాలుగు గంటలు పోయాయి.

పురిటి మంచం మీద బిడ్డకి మొదటిసారి పాలు పట్టడం నేర్చుకుంటున్న ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి స్ట్రెచరు వచ్చింది. ఎక్సరే తీయాలన్నారు. ఎందుకో చెప్పలేదు. పచ్చి కుట్లతో మనిషిని ఎత్తి స్ట్రెచరు మీదకి మారుస్తుంటే ఆవిడ పెట్టిన కేక మెట్ల దాకా వినపడింది. "నా బిడ్డ, నా బిడ్డ" అంటూనే వెళ్ళింది. అత్తగారు మెట్ల మలుపులో గోడ పట్టుకుని నిలబడి ఆ కేక విన్నది. ఆవిడ పక్కనే, రెండు మెట్లు కింద, కోడలు.

"చెంచా నాదే మేడమ్" అంది కోడలు. "నా జేబులోది. రుమాలుతో పాటు..."

"నాకు తెలుసు. దాని వంపు నాకు తెలియదా? పద, చాకలి మూటలు చూద్దాం."

ఇద్దరూ నేలమాళిగలో మోకాళ్ళ మీద కూర్చుని, తెల్లవారుజామున దిగిన నెత్తుటి గుడ్డల మూటలు ఒక్కొక్కటే విప్పారు. అయిదో మూటలో, ముడతపడ్డ దుప్పటి మడతలో, గట్టిగా ఏదో కోడలి వేలికి తగిలింది. వంకర పట్టకారు. దాన్ని గుండెకి హత్తుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటికి పైన ఎక్సరే కూడా వచ్చింది, లోపల ఏమీ లేదని. ఏమీ లేకపోవడం కోసం ఒక బాలింత ఒళ్ళు ఎంత హూనమవ్వాలో అంతా అయింది.

సూపరింటెండెంటు డాక్టరు అత్తగారిని పిలిపించాడు. "రేపు పొద్దునకల్లా మీ రిపోర్టు నా బల్ల మీద ఉండాలి. తప్పు థియేటర్‌దీ ఉంది, మీదీ ఉంది. మీ కోడలట కదా?"

"అవును సార్. అందుకని ఏమీ తగ్గించి రాయను."

"మీరు తగ్గించరని నాకు తెలుసు" అన్నాడాయన. అది మెప్పుకోలు మాటే. కానీ ఆవిడకి చెంపదెబ్బ తగిలినట్టయింది.

ఆ సాయంత్రం ఆవిడ రిపోర్టు ఫారం ఇంటికి తెచ్చుకుంది. అందులో ఒక గడి ఉంటుంది, కారణం అని. విభాగానికి పెద్ద అయ్యాక ఆ గడి ఎన్నిసార్లు నింపిందో, అన్నిసార్లూ ఒక్కటే మాట రాసింది. అజాగ్రత్త. సన్నక్క ఉద్యోగం మానేయడానికి ముందు రెండుసార్లు ఆమె మీద రాసింది కూడా అదే. ఆ రెండుసార్లూ పొద్దున ఏడింటి లోపలే జరిగాయన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు తట్టలేదు.

కోడలు నేల మీద గోడకానుకుని కూర్చుని ఉంది. బుడ్డిది ఒళ్ళో ఉంది, ఇద్దరి కళ్ళూ వాచి ఉన్నాయి.

"రాసెయ్యండి అత్తయ్యా. అజాగ్రత్త అనే రాయండి. నిజమేగా. ఆవిడ కేక నా చెవుల్లోంచి పోవట్లేదు."

"నిన్న ఎంతసేపు పడుకున్నావు?"

"తెలీదు."

"మొన్న?"

"తెలీదు అత్తయ్యా. ఎందుకివన్నీ? మీ ఫారంలో ఆ గడి లేదుగా."

కొడుకు టీ పెట్టి తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆవిడ గ్లాసు ముట్టుకోకుండా ఫారం పక్కన పెట్టి, సంచిలోంచి ఖాళీ చార్టు కాగితం తీసింది. స్కేలు పెట్టి గీతలు గీసింది. ఏం చేస్తోందో కొడుక్కీ కోడలికీ అర్థం కాలేదు. సోమవారం కదా, శనివారం కాదు కదా.

ఆరు నుంచి రెండు అన్న గళ్ళో కోడలి పేరుండే చోట ఆవిడ తన పేరు రాసింది. తను ఎనిమిది నుంచి నాలుగు చేసే పని రెండు ముక్కలు చేసింది. సామాన్లు పైకి పంపే పని పొద్దున తనే చూస్తుంది, మధ్యాహ్నం రెండు తర్వాత లెక్కల పుస్తకాలు కోడలు చూడొచ్చు. తొమ్మిది నుంచి అయిదుకి కోడలు. రెండింటికి డ్యూటీ దిగి తను ఇంటికొస్తే మిషనక్క దగ్గర పిల్ల ఉండేది సగం పూటే. కొడుకు ఏడింటికే వెళ్ళొచ్చు. ఎవరి సెలవూ కదల్లేదు, ఎవరి మీదా అదనపు పూట పడలేదు. ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి సరిచూసింది. ఎక్కడా ఖాళీ గడి లేదు.

అప్పుడు టీ అందుకుంది. ఇంకా వేడిగానే ఉంది.

గ్లాసు ఒరిగి టీ బల్ల మీద ఒలికింది. కొడుకు గబుక్కున గ్లాసు అందుకున్నాడు. ఆవిడ రెండు చేతులూ మొహానికి కప్పుకుని, బల్ల మీదకి వంగిపోయి, ఏడ్చింది. ఆ ఇంట్లో ఆవిడ ఏడవగా చూసినవాళ్ళు లేరు. మొగుడు పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు సర్దిన మనిషి.

"అమ్మా, ఏమైందమ్మా?"

"పది నిమిషాలురా" అంది ఆవిడ. "పది నిమిషాలు పట్టలేదు. టీ చల్లారలేదు."

"ఏంటత్తయ్యా?" కోడలు బిడ్డతో సహా లేచి దగ్గరికి వచ్చింది.

"నేనూ అడిగానమ్మాయ్. అడగలేదని నీతో అబద్ధం చెప్పాను. వీడు నలభై రోజులవాడు. అప్పటి మా పెద్దమేడమ్ దగ్గరికెళ్ళి, రెండు గంటలు వెనక్కి జరపండమ్మా అని కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆవిడ నా ముందు చార్టు పరిచింది. చూడు, నువ్వే చూడు, నిన్నెక్కడ పెట్టను, చోటేదీ అంది. నేను చూశాను. నిజమే, చోటు లేదు అనుకున్నాను. ఆ గుడ్డల గదిలోనే నిలబడి పాలు పిండి తొట్టిలో పోశాను. నువ్వు రోజూ అక్కడికి వెళ్ళడం నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాను. చోటు లేదు, ఎవరికీ ఉండదు, అంతే అని ముప్పై ఏళ్ళు నమ్మానమ్మా. నీకు చోటుంటే నాకూ ఉండేదన్నమాట. అది ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. వీడు నాకు దక్కేవాడు. పది నిమిషాల పని."

కోడలికి కోపం ఇంకా ఉంది, అది ఒక్క పూటలో పోయేది కాదు. అయినా చెయ్యి వెళ్ళి అత్తగారి వీపు మీద పడింది. బుడ్డిది ఆ ఇద్దరి మధ్యా నలిగి, ఆవిడ కళ్ళజోడు లాగింది.

కాసేపటికి అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని ఫారం ముందుకు లాక్కుంది. కారణం అన్న గళ్ళో రాసింది. "పనివేళల మార్పు కోరుతూ ఈ ఉద్యోగిని పెట్టిన దరఖాస్తు నాకు అందింది. సాధ్యపడేదే అయినా సాధ్యపడదని రాశాను. పొరపాటు ఆమె చేతిది. కారణం నేను." సంతకం చేసి, తేదీ వేసింది.

"ఇది ఇస్తే మిమ్మల్ని ఏం చేస్తారో" అంది కోడలు.

"ఏదో చేస్తారు. చెయ్యాలి కూడా" అంది. తర్వాత ఫోను తీసుకుని సన్నక్క నంబరు నొక్కింది. అవతల గొంతు ఎవరూ అంది. "నేనమ్మా. ఆవిరిగది. నువ్వు అప్పుడడిగింది కుదిరేదే. నేను కుదర్చలేదు. చోటు చూస్తే దొరికేది, చూడలేదు. అది చెబుదామని." అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. అత్తగారు ఆ ఫోనుని అలాగే చెవి దగ్గర పట్టుకుని కూర్చుంది. సన్నక్క మళ్ళీ ఎప్పుడూ ఫోను చెయ్యలేదు, ఆమె ఎందుకు చెయ్యాలి?

ఆస్పత్రివాళ్ళు చెయ్యాల్సింది చేశారు. కోడలికి పదిహేను రోజుల సస్పెన్షన్. రాత్రి డ్యూటీ సిస్టరుకి నెల. అత్తగారి చేతిలోంచి చార్టు తీసేసి ఇంకొకరికి ఇచ్చారు, పెద్ద పదవి పోయింది. రిటైరవడానికి రెండేళ్ళుండగా ఆవిడ మళ్ళీ మొదలుపెట్టిన చోటే, సామాన్లు చుట్టే బల్ల దగ్గర నిలబడింది. ఆరు నుంచి రెండు. తీసెయ్యకుండా ఉంచింది ఆవిడ గీసిన ఆ చార్టుని మాత్రమే. కొత్తగా వచ్చినావిడ దాన్ని అలాగే గోడకి అంటించింది. కడిగే చోట పనిచేసే ఇంకో బాలింత ఆ వారమే దరఖాస్తు పెట్టింది. ఆమెకీ చోటు దొరికింది.

కోడలు తిరిగి డ్యూటీలో చేరిన మొదటి రోజు. తొమ్మిదింటి డ్యూటీ. మధ్యాహ్నం రెండూ ముప్పావుకి అత్తగారు మిషనక్క ఇంటి నుంచి బుడ్డిదాన్ని తెచ్చుకుంది. పిల్ల కాసేపు ఆడింది, తిన్నది, తర్వాత నిద్రకి ఏడుపు లంకించుకుంది. ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. కిటికీ చూపించింది, గిలక ఆడించింది. ముప్పై ఒక్క ఏళ్ళు వందల సామాన్లు పేరుపేరునా గుర్తుపట్టిన మనిషికి, ఒక పిల్లని నిద్రపుచ్చడం ఎలాగో తెలియలేదు. ఎప్పుడూ నేర్చుకోలేదు మరి.

నాలుగింటికి కొడుకు వచ్చాడు. ఇప్పుడు వేళకి వెళుతున్నాడు కాబట్టి వేళకి వస్తున్నాడు. గుమ్మంలో బూట్లు విప్పుతుంటే తల్లి పిల్లని భుజాన వేసుకుని ఎదురొచ్చింది. జుట్టు చెదిరి ఉంది, అలిసిపోయి ఉంది.

"ఒరే" అంది. అని ఆగింది. కళ్ళు పక్కకి తిప్పుకుంది. "ఆ సోడాకొట్టావిడ నిన్ను ఎలా పడుకోబెట్టేదిరా? నీకేమైనా గుర్తుందా?"

అతను చేతిలోని బూటు కింద పెట్టి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని, బుడ్డిదాని వీపు మీద పెట్టాడు.

"అరచెయ్యి కాదమ్మా. మూడు వేళ్ళు. మెడ కింద నుంచి. నెమ్మదిగా... ఇలా."

తల్లి వేళ్ళ మీద తన వేళ్ళు వేసి కాసేపు చూపించాడు. తర్వాత చెయ్యి తీసేశాడు. ఆవిడ తడుతూనే ఉంది. కళ్ళ నీళ్ళు గడ్డం మీద నుంచి పిల్ల చొక్కా మీద పడుతున్నా ఆపలేదు. బుడ్డిదాని ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది, వెక్కిళ్ళు నిద్రలోకి దిగాయి.

"పడుకుందా?" అంది గుసగుసగా.

"పడుకుందమ్మా. కానీ ఆపకు" అన్నాడు కొడుకు, తల్లి పక్కనే నేల మీద కూర్చుంటూ. "ఆవిడ పడుకున్నాక కూడా కాసేపు ఆపేది కాదు."